పెరటి కోళ్లకు ఏ కాపలా మేలు? గంప, జాలి గూడు, వల, కుక్క, మందుల మధ్య పోలిక

నాలుగు కోళ్లు పెంచుకుందామని మొదలుపెట్టిన హైదరాబాద్ ఇళ్లలో మొదటి వానాకాలం గడిచేసరికి ఒకటే ప్రశ్న మిగులుతుంది. గుడ్లు మాయమవుతున్నాయి, పిల్లలు తగ్గిపోతున్నాయి, ఇప్పుడు ఏం కొనాలి? హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే జాలి చూపిస్తారు. పక్కింటివాళ్లు కుక్కను పెంచమంటారు. ఫోనులో వీడియోలు తెరిస్తే నాఫ్తలీన్ గోళీలు మొదలుకొని నేలలో గుచ్చితే కంపించే కడ్డీల దాకా అన్నీ వరస కడతాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే దాన్ని పెరడంతా పరచకండి. రాత్రి కోళ్లు పడుకునే చోటు మీదే మొత్తం పెట్టండి. అక్కడ అర అంగుళం కంటే పెద్ద సందు ఎక్కడా లేకపోతే సగానికి పైగా బాధ తీరినట్లే. పగటి కాపలా వేరే పని, దానికి ఖర్చు తక్కువ. ఈ రెండింటినీ ఒకే కంచెతో సాధిద్దామనుకునేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

## ముందు దొంగ ఎవరో తేలాలి

పాము అంటే భయం కాబట్టి పోయిన ప్రతి గుడ్డునూ దాని ఖాతాలోనే వేస్తాం. నగరంలోని పెరళ్లకు పిల్లి, వీధికుక్క, ముంగిస, పందికొక్కు, కాకి, గద్ద కూడా వస్తాయి. శివార్లలో మానుపిల్లి, ఉడుము కూడా తోడవుతాయి. ఒక్కోదాని పనితనం ఒక్కో తీరు.

గుడ్డు పెంకు ముక్క కూడా మిగలకుండా పోతే పామును అనుమానించవచ్చు. అది గుడ్డును అలాగే మింగేస్తుంది. (పెంకు మిగల్చకుండా తీసుకుపోయే ఇంకో ప్రాణి మనిషి. పెట్ట చాటుగా పొదలో పెడుతున్నా ఇలాగే కనిపిస్తుంది. ముందు ఆ రెండూ కాదని తేల్చుకోండి.) పెంకు పగిలి, లోపల నాకేసినట్లు ఉంటే ముంగిస లేదా ఎలుక పని. పైన చిన్న కన్నం పొడిచి ఉంటే కాకి. పిల్ల చచ్చిపడి, దాని తల, మెడ తడిసి జిగటగా ఉంటే పాము మింగబోయి, మింగలేక వదిలేసిందని అర్థం. పగటిపూట పెద్ద కోడి మెడ మీద, తల మీద కాట్లతో పడి ఉంటే ముంగిస. అదే రాత్రిపూట జరిగితే మానుపిల్లి. ఈకలు పెరడంతా చెదిరి, మూడు నాలుగు కోళ్లు చచ్చి, తిన్న గుర్తు మాత్రం పెద్దగా లేకపోతే కుక్క. పిల్ల ఆనవాలే లేకుండా పోతే పగలు గద్ద లేదా డేగ, రాత్రి పిల్లి.

గాయమే కనిపించని చావు సంగతి వేరు. నాగుపాము కాటు కావచ్చు. అయితే ఒకటి పోయిన రెండు మూడు రోజులకే ఇంకోటి, మరోటి తూలుతూ, మెడ తిప్పుకుంటూ పోతుంటే రాణికేత్‌ను అనుమానించాలి. పల్లెల్లో కొక్కెర తెగులు అనేది దీన్నే. అప్పుడు కావలసింది జాలి కాదు, పశువైద్యుడు, టీకా.

ఇంకా అనుమానం తీరకపోతే మన ఇళ్లలోనే ఉన్న మంచి సాధనం ముగ్గుపిండి. పొద్దుగూకాక గూడు చుట్టూ జానెడు వెడల్పున పలచగా చల్లి, తెల్లవారగానే చూడండి. మెలికలు తిరిగిన గీత అయితే పాము. గుండ్రని పాదం, గోళ్ల గుర్తు లేకుండా నాలుగు వేళ్లు ఉంటే పిల్లి. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు ఉంటే కుక్క. ఐదు వేళ్లు, పొడుగు గోళ్లతో చిన్న పాదం అయితే ముంగిస. వేల రూపాయల కెమెరా చేసే పనిని గుప్పెడు పిండి చేస్తుంది, వాన పడని రాత్రుల్లోనే అనుకోండి.

పాముల సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. హైదరాబాద్ రాతిగుట్టల మధ్య, చెరువుల పక్కన పెరిగిన ఊరు. కొత్త లేఅవుట్ కోసం బండలు పగలగొట్టి, పొదలు తీసేస్తే అక్కడి పాములు పక్క కాలనీలోకి వస్తాయి. గుడ్ల కోసం, పిల్లల కోసం మన గూటిలోకి వచ్చేవి ముఖ్యంగా రెండు: నాగుపాము, జెర్రిపోతు. జెర్రిపోతుకు విషం లేదు, పగలు తిరుగుతుంది, చెట్టూ గరుకు గోడా సులువుగా ఎక్కుతుంది. రక్తపింజర, కట్లపాము కోళ్ల కోసం రావు. దాణా తినే ఎలుకల కోసమో, ఆ ఎలుకల బొరియల్లో ఉండటానికో వస్తాయి. కోడికి వాటితో ముప్పు తక్కువ. చీకట్లో గూటి తలుపు వేయడానికి చెప్పులు లేకుండా వెళ్లే మనకే ముప్పు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది జాలి కన్ను కొలత. అంగుళం కన్ను జాలి పిల్లిని ఆపుతుంది, ముంగిసను ఆపుతుంది, పామును ఆపదు. పైగా ఒక చిక్కు ఉంది. ఖాళీ కడుపుతో అంగుళం సందులోంచి దూరిన పాము గుడ్డు మింగాక అదే సందులోంచి బయటికి పోలేదు. తెల్లవారి గుడ్ల కోసం చెయ్యి పెట్టేవాళ్లకు అది లోపలే చుట్టుకుని ఎదురవుతుంది. అర అంగుళం కన్ను అయితే గుడ్డు మింగగల పాము ఏదీ దూరలేదు, పెద్ద ఎలుక కూడా పట్టదు. అప్పుడే పుట్టిన పాముపిల్ల పెన్సిలంత సన్నంగా ఉంటుంది కాబట్టి అర అంగుళంలోంచి కూడా రావచ్చు. అది గుడ్డు తినలేదు కానీ నాగుపాము పిల్లకు కూడా విషం ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు గుడ్లు తీస్తుంటే పావు అంగుళం కన్ను తీసుకోవడం న్యాయమే.

రెండోది నేల. నాలుగు పక్కలా జాలి కొట్టి కింద మట్టి వదిలేసిన గూడు పందికొక్కుకు తలుపు తీసిపెట్టినట్లే. పందికొక్కు తవ్విన బొరియలోంచి పాము వస్తుంది. ముంగిస స్వయంగా తవ్వుతుంది.

మూడోది వేళ. గద్ద, కాకి, ముంగిస, జెర్రిపోతు పగటివి. నాగుపాము సంధ్యవేళల్లో, రాత్రిలో ఎక్కువగా తిరుగుతుంది. పిల్లి, పందికొక్కు, మానుపిల్లి రాత్రివి. కుక్కకు వేళాపాళా లేదు. మీ నష్టం ఏ పూట జరుగుతోందో తెలిస్తే సగం ఎంపికలు వాటంతటవే పక్కకు పోతాయి.

నాలుగోది మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పాము రాకూడదని గాలి ఆడకుండా మూసేసిన గూటిలో కోళ్లు ఎండదెబ్బకే పోతాయి. పైన రేకు వేడెక్కుతుంది, గడ్డి కప్పు చల్లగా ఉంటుంది కానీ ఎలుకలు కాపురం పెడతాయి. రేకు వేసి, దానికి జానెడు ఎత్తున షేడ్‌నెట్ కట్టడమే మధ్యేమార్గం.

ఇవి కాక రోజువారీ శ్రమ ఎంత, అద్దె ఇల్లయితే వెంట తీసుకుపోగలమా, పక్కింటివాళ్లకు ఇబ్బందా అన్నవి ఎవరికి వారు చూసుకోవలసినవి.

## గంప

తరతరాలుగా ఉన్న ఏర్పాటు. వెదురు గంప కింద పెట్టనూ పిల్లలనూ కమ్మి, పైన రాయి పెట్టడం. పగటిపూట గద్ద నుంచి, కాకి నుంచి పిల్లలను కాపాడటంలో దీనికి సాటి లేదు. రాత్రికి బయట వదిలేస్తే మాత్రం దాదాపు దేన్నీ ఆపదు. అల్లిక సందుల్లోంచి పాము దూరుతుంది, అంచు కింద పందికొక్కు తవ్వుతుంది. ఊళ్లలో రాత్రికి గంపను వసారాలోకో, వంటింటి పక్కకో తెచ్చుకునేవాళ్లు. ఆ అలవాటుతో కలిపితేనే గంప కాపలా అవుతుంది. రెండు మూడు కోళ్లున్నవాళ్లకు, మూసి ఉండే వరండాయో స్టోర్ గదో ఉన్నవాళ్లకు ఇంతకంటే చవక లేదు.

## చికెన్ మెష్ గూడు

ఆరు పలకల కళ్లతో సన్నతీగ అల్లిన జాలి. కోళ్ల జాలి అనగానే దుకాణాల్లో ముందు చూపించేది ఇదే, బజారులో తయారుగా అమ్మే గూళ్లకు ఎక్కువగా ఉండేదీ ఇదే. కోళ్లు బయటికి పోకుండా ఉంచడానికి ఇది పనికొస్తుంది. బయటివి లోపలికి రాకుండా ఆపడానికి పనికిరాదు. బలమైన కుక్క పళ్లతో పట్టి లాగితే చిరుగుతుంది. కన్ను పెద్దది కాబట్టి పాముకు అడ్డే కాదు. ఇప్పటికే ఇలాంటి గూడు కొన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. పగటి దొడ్డిగా వాడుకోండి, లేదా కింది రెండడుగుల మేర, తలుపు చుట్టూ అర అంగుళం జాలి అదనంగా బిగించండి. జెర్రిపోతు ఎక్కే పాము కాబట్టి ఈ రెండో పద్ధతి సగం రక్షణే ఇస్తుంది. చెట్ల కింద, గోడ పక్కన గూడు ఉన్నవాళ్లకు ఆ సగం కూడా ఉండదు.

## వెల్డ్ మెష్‌తో కాళ్ల మీద గూడు

వెల్డ్ మెష్ అంటే తీగలను అడ్డంగా, నిలువుగా పెట్టి అతికిన చదరపు కళ్ల జాలి. చాలామందికి నేను సూచించేది ఇదే, కాబట్టి కాస్త విడమరచి చెబుతాను.

నాలుగు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు పెట్టె అనుకోండి. పగలు బయట తిరిగి రాత్రి మాత్రమే లోపల పడుకునే ఆరు కోళ్లకు, తలకు రెండు చదరపు అడుగుల లెక్కన సరిపోతుంది. నాలుగు పక్కలకు 42 చదరపు అడుగులు, పైన 12, కింద 12, మొత్తం 66 చదరపు అడుగుల జాలి. పైకప్పు రేకు అయితే 54 చాలు, కానీ రేకు అలల కింద సందులు మిగులుతాయి, వాటిని మూసేసరికి జాలి ఖర్చే అవుతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో వెల్డ్ మెష్ చుట్టలుగా దొరుకుతుంది. అడిగేటప్పుడు రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి: కన్ను అర అంగుళం, తీగ 19 గేజి లేదా అంతకంటే లావు. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 22 గేజి చవకగా వస్తుంది, తేలిగ్గా వంగుతుంది, కుక్క కూడా తేలిగ్గానే వంచుతుంది. గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) జాలి తీసుకోకపోతే కోళ్ల రెట్ట తడికి త్వరగా తుప్పు పడుతుంది.

చట్రానికి ఇనుప యాంగిల్స్ మంచివి. కలప అయితే చెదలు చూసుకోవాలి. కాళ్లు రెండున్నర, మూడు అడుగుల ఎత్తు ఉండాలి. ఎత్తు వల్ల పాము ఆగిపోతుందని కాదు. కింద చీపురు పెట్టి ఊడవగలిగేంత జాగా ఉంటే ఎలుకకు దాగే చోటు ఉండదు, మీకు కింద ఏముందో కనిపిస్తుంది. కాళ్లకు మధ్యలో నున్నటి రేకును కోన్‌లా బోర్లించి బిగిస్తే ఎలుకలు ఎక్కలేవు. గూడు మీదికి కొమ్మ, మల్లెతీగ, బట్టలు ఆరేసే తాడు ఏదీ తగలకూడదు. కాళ్లకు అన్ని హంగులూ చేసి పైన జామకొమ్మను వదిలేసిన గూళ్లు చాలా కనిపిస్తాయి.

అడుగున జాలి ఒక్కటే ఉంటే కోళ్ల పాదాలకు పుండ్లు పడతాయని కొందరు వద్దంటారు. అందులో నిజం ఉంది. కోళ్లు పడుకునేది దండెం మీద కాబట్టి రెండు కర్రలు అడ్డంగా వేసి, గుడ్లు పెట్టే మూలలో పలక వేసి ఊక పోస్తే ఆ బాధ పోతుంది.

బలహీనమైన చోటు తలుపు. తలుపు అంచుకూ చట్రానికీ మధ్య వేలు పట్టే సందు ఉంటే మిగతా ఖర్చంతా వృథా. పిల్లి, కోతి లాగినా రాని గడియ వేయాలి, కొక్కెం చాలదు. గూడు పూర్తయ్యాక చీకటి పడ్డాక లోపల టార్చి వెలిగించి, ఒక స్కేలు పట్టుకుని చుట్టూ తిరగండి. జాలి కన్ను కంటే వెడల్పుగా వెలుతురు వచ్చే ప్రతి చోటూ మూయవలసిందే.

దీని లోపాలు కూడా చెప్పాలి. ముందు ఖర్చు ఎక్కువ. బరువు. రోజూ సాయంత్రం తలుపు వేయాలి, పొద్దున తీయాలి. ఒక్క సాయంత్రం ఊరెళ్లి మరచిపోతే అంతే. వెలుతురును బట్టి తనంతట తెరుచుకుని మూసుకునే తలుపులు దొరుకుతాయి, కానీ అవి కోడి లోపలికి వచ్చిందో లేదో చూడవు, పాము లోపల ఉందో లేదో అంతకన్నా చూడవు.

## ఇటుక గది

సొంత స్థలం, పదికి మించి కోళ్లు ఉంటే ఇది మంచిది. కుక్క, పందికొక్కు, ముంగిస గొడవ ఉండదు. నేలకు షాబాద్ బండలు పరిచి, సందులు సిమెంటుతో నింపాలి. అతుకులు వదిలేస్తే ఎలుకలు అక్కడే మొదలుపెడతాయి. రెండు ఎదురెదురు గోడలకు గాలి కిటికీలు, వాటికి అర అంగుళం జాలి. కడిగిన నీళ్లు పోవడానికి పెట్టిన గొట్టం కొసకు కూడా జాలి కట్టాలి, పాములకు ఆ గొట్టం రాజమార్గం. ఎండాకాలంలో మాత్రం జాలి గూటి కంటే వేడి. తర్వాత మార్చుకోవడం కష్టం.

## నైలాన్ వల

పగటి దొడ్డికి పై కప్పుగా వల చక్కగా పనిచేస్తుంది. గద్ద దిగలేదు, కాకి రాలేదు, కోతులు కూడా కొంత వెనుకాడతాయి. ఆరడుగుల ఎత్తున బిగుతుగా కట్టాలి. వేలాడితే పక్షులు చిక్కుకుంటాయి.

అదే వలను నేల దాకా దించి పాముకు అడ్డంగా కట్టడం మాత్రం వద్దు. పాము తల దూర్చుతుంది, పొలుసులు అడ్డుపడి వెనక్కి తీసుకోలేదు, మెలితిరిగి చిక్కుకుని చస్తుంది. అది నాగుపాము అయితే దాన్ని విడిపించే మనిషికి ప్రమాదం. పైగా ఎలుకలు నైలాన్‌ను ఒక్క రాత్రిలో కొరికేస్తాయి.

## కుక్క, గినీ కోళ్లు, పెద్దబాతులు

ఇవి గోడ కావు, గంట మాత్రమే. మంచి కుక్క ఉంటే వీధికుక్కలు, పిల్లులు, ముంగిసలు దూరంగా ఉంటాయి. ఆ మేరకు దాని విలువ గొప్పది, అది మీ కోళ్లనే తినకుండా చిన్నప్పటి నుంచి అలవాటు చేసి ఉంటే. పాము విషయంలో కుక్క మొరుగుతుంది, కొన్నిసార్లు మీద పడి కాటు తింటుంది. గినీ కోళ్లు కొత్తదేది కనిపించినా ఊరంతా వినిపించేలా అరుస్తాయి. శివారు తోటలో అది వరం, పక్క గోడలు ఆనుకుని ఉన్న కాలనీలో పొద్దున్నే తగాదా. సాయంత్రం అవి గూటికి రాకుండా చెట్టెక్కి కూర్చోవడం ఇంకో తలనొప్పి. ఎలుకల కోసం పిల్లిని పెంచుదామనేవాళ్లు పిల్లలు పొదిగే కాలంలో ఆ పిల్లిని ఎక్కడ ఉంచుతారో ముందే ఆలోచించుకోవాలి.

## మందులు, వాసనలు, పరికరాలు

నాఫ్తలీన్ గోళీలు, గంధకం, వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్, పాములు రావని చెప్పి అమ్మే మొక్కలు – వీటిలో ఏదీ పామును నమ్మకంగా ఆపదు. పనిచేయకపోవడం ఒక్కటే అయితే వదిలేయవచ్చు. నాఫ్తలీన్ గోళీని కోడి పొడిచి మింగితే విషం. పాములు రావని చల్లే కార్బాలిక్ యాసిడ్ చర్మాన్ని కాలుస్తుంది, ఆవిరి కూడా మంచిది కాదు. కంపించే కడ్డీలు, చెవికి వినిపించని శబ్దం చేసే పెట్టెలు కూడా ఇదే కోవలోవి. సోలార్ దీపం పామును భయపెట్టదు. దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాము వస్తుంది. దీపం మన కాలి కింద ఏముందో చూసుకోవడానికి మంచిదే, గూటి దగ్గర కాకుండా దారి పొడవునా పెట్టుకోండి.

ఇంటి కరెంటు తీగను కంచెకు తగిలించే పని కలలో కూడా వద్దు. అది చట్టవిరుద్ధం. తడి నేల మీద ముందు చనిపోయేది మన ఇంటి మనిషో, పక్కింటి పిల్లవాడో.

## ఒక్క చూపులో

| ఏర్పాటు | పాము | పిల్లి, కుక్క | ముంగిస, పందికొక్కు | గద్ద, కాకి | ఖర్చు | రోజువారీ శ్రమ |
|---|---|---|---|---|---|---|
| గంప, రాత్రి బయట | ఆపదు | కొంతవరకు | ఆపదు | బాగా ఆపుతుంది | చాలా తక్కువ | ఉంది |
| గంప, రాత్రి ఇంట్లో | ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది | బాగా ఆపుతుంది | చాలా తక్కువ | ఎక్కువ |
| చికెన్ మెష్ గూడు | ఆపదు | పిల్లిని మాత్రమే | నేల గట్టిగా ఉంటేనే | ఆపుతుంది | మధ్యస్థం | ఉంది |
| వెల్డ్ మెష్ గూడు | బాగా ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది | ఎక్కువ | ఉంది |
| ఇటుక గది | గొట్టాలు, కిటికీలు మూస్తే | ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది | చాలా ఎక్కువ | తక్కువ |
| పైన నైలాన్ వల | సంబంధం లేదు | కొంతవరకు | ఆపదు | బాగా ఆపుతుంది | తక్కువ | తక్కువ |
| కుక్క | హెచ్చరిక మాత్రమే | బాగా ఆపుతుంది | కొంతవరకు | కొంతవరకు | తిండి ఖర్చు | ఎక్కువ |
| మందులు, పరికరాలు | ఆపవు | ఆపవు | ఆపవు | ఆపవు | వృథా | – |

## ఎవరికి ఏది

డాబా మీద పెంచేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, కూకట్‌పల్లిలోనో మూడో అంతస్తు డాబా మీద నాలుగు పెట్టలుంటే పాము మీకు చివరి బాధ. పిల్లి, కాకి, గద్ద, పైపుల వెంట ఎక్కే ఎలుక ముందు వరసలో ఉంటాయి. కోతుల బెడద ఉన్న చోట గుడ్లకు అవే మొదటి శత్రువులు. అర అంగుళం వెల్డ్ మెష్ గూడు, దాని అడుగున పలక, పగటి జాగాకు పైన వల చాలు. మిగిలిన డబ్బు నీడ మీద పెట్టండి, డాబా మీద మేలో చచ్చే కోళ్లు పిల్లికి దొరికేవాటి కంటే ఎక్కువే ఉంటాయి.

కాలనీలో పెరడున్న ఇల్లు. అల్వాల్, వనస్థలిపురం, సైనిక్‌పురి లాంటి చోట్ల చెట్లు, ఖాళీ ప్లాట్లు, పాత రాతి గోడలు అన్నీ ఉంటాయి. ఇక్కడే అర అంగుళం వెల్డ్ మెష్ గూడు పూర్తిగా ఫలం ఇస్తుంది. పెరడంతా పాము కంచె వేయాలా అని అడిగేవాళ్లు ఉంటారు. అలాంటి కంచెకు పావు అంగుళం జాలి మూడడుగుల ఎత్తున, ఆరంగుళాలు నేలలోకి దించి, బయటి వైపు వాలుగా నిలబెట్టాలి. గేటు కింద సందు కూడా మూయాలి. రోజుకు పదిసార్లు తెరిచే గేటు ఉన్న ఇంట్లో అది నిలవదు. కోళ్ల కోసమైతే వద్దంటాను. పాకే వయసు పిల్లలున్న ఇంటికి ఆలోచించవచ్చు. కంచె లేకపోయినా ప్రహరీలో నీళ్లు పోయే కన్నాలకు జాలి బిగించడం, గేటు కింద రబ్బరు పట్టీ వేయడం ఒక్కరోజు పని.

శివారు ప్లాట్లు, తోటలు. శంకర్‌పల్లి, మొయినాబాద్, కీసర వైపు వారాంతాల్లో మాత్రమే వెళ్లేవాళ్లు కోళ్లు పెంచవద్దనే నా సలహా. రోజూ సాయంత్రం తలుపు వేసే మనిషి లేని చోట ఏ గూడూ కాపాడదు. కాపలా మనిషి ఉంటే ఇటుక గది, కుక్క, వీలైతే గినీ కోళ్లు, ఈ మూడూ కలిపి పెట్టుకోండి. స్థలంలో పుట్ట ఉండి, నాగుల పంచమికి పాలు పోసే ఆచారం ఉంటే దాన్ని తవ్వించనక్కర్లేదు, గూడునే వీలైనంత దూరంగా కట్టండి. పంచమి వచ్చేది శ్రావణంలో, అదే వానలకు బొరియలు నిండి పాములు బయట తిరిగే కాలం.

అద్దె ఇల్లు. విప్పి మళ్లీ బిగించుకునే బోల్టుల చట్రంతో చిన్న వెల్డ్ మెష్ గూడు, లేదా గంప. రెండోది సరిపోతే మొదటిదాని జోలికి పోకండి.

పిల్లలను పొదిగించేవాళ్లు. పొదుగు పెట్ట 21 రోజులు ఒకే చోట కదలకుండా కూర్చుంటుంది. పాముకు, పందికొక్కుకు అంతకంటే సులువైన భోజనం లేదు. మిగతా కోళ్లకు ఏ ఏర్పాటు ఉన్నా ఈ పెట్టకు మాత్రం వేరుగా, అర అంగుళం జాలి పెట్టె కావాలి. దాన్ని ఇంటి లోపల పెట్టగలిగితే ఇంకా మంచిది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను మొదటి ఆరు వారాలు మూసిన చోట వేడినిచ్చి పెంచాకే బయటికి వదలమంటారు. నాటు పిల్లలకు తల్లి కాపలా ఉంటుంది, వీటికి ఉండదు. బయటికి వదిలాక వాటి రంగురంగుల ఈకలు కొంత మేలు చేస్తాయి. తెల్లటి బ్రాయిలర్ పిల్ల మాత్రం ఆకాశంలోని గద్దకు దూరం నుంచే కనిపిస్తుంది.

## ఏ ఎంపికైనా, ఎలుకను వదిలేస్తే దండగ

దాణా బస్తా గూటి పక్కన పెట్టడం, రాత్రికి గిన్నెలో నూకలు వదిలేయడం – ఎలుకలను రప్పించేది ఈ రెండే. మూత బిగుతుగా పడే రేకు డబ్బాలో దాణా ఉంచండి. సాయంత్రం గిన్నెలు తీసేయండి, గుడ్లు చీకటి పడకముందే ఏరండి. కట్టెలు, పాత ఇటుకలు, కొబ్బరి మట్టలు గూటికి దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చండి. ఎలుకలకు బోను పెట్టండి, విషం వద్దు. విషం తిన్న ఎలుకను కోడి పొడిచినా, పెంపుడు కుక్క తిన్నా నష్టం మీకే.

## పాము గూటిలోనే కనిపిస్తే

కర్ర తీయకండి. పాములు, ముంగిసలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నాయి, చంపడం నేరం. కాట్లు కూడా చాలావరకు చంపబోయినప్పుడో, పట్టబోయినప్పుడో పడతాయి. కోళ్లు వాటంతటవి బయటికి వచ్చేలా ఒక పక్క తలుపు తెరిచి దూరంగా నిలబడండి. పాము ఎటు కదులుతుందో చూస్తూ ఉండేందుకు ఒక మనిషిని ఉంచండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థల వాళ్లు వచ్చి పట్టుకుని తీసుకెళ్తారు. ఆ నంబరు వానలకు ముందే ఫోనులో రాసిపెట్టుకోవాలి, పాము ఎదురుగా ఉన్నప్పుడు వెతుక్కునేది కాదు.

కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందు – ఏదీ వద్దు. కాటుపడ్డ చెయ్యో కాలో కదలకుండా ఉంచి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోను చేసి గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి ఏ పామో చూపించడానికి దాన్ని చంపి సంచిలో వేసుకుపోనక్కర్లేదు.

పామును తీసుకెళ్లాక కోళ్లను అదే గూటిలోకి తోలే ముందు అది వచ్చిన సందు వెతకండి. తలుపు కింద మూల, రేకు అల, నీళ్ల గొట్టం, జాలి రెండు ముక్కలు కలిసిన చోటు – ఈ వరసలో చూస్తే సాధారణంగా దొరుకుతుంది. దొరకకపోతే ఆ రాత్రికి కోళ్లను గంప కింద ఇంట్లో పెట్టుకోండి.